పూత మీదున్న కారు

కారుకీ మామిడిచెట్టుకీ తేడా ఎవరికైనా ఇట్టే తెలుస్తుందని పాలెపు బుల్లెబ్బాయి యాభై ఏడేళ్ళపాటు నమ్మాడు. పాపం, ఏడో తరగతి తప్పినవాడు. అంతకంటే పెద్ద చదువులు చదివుంటే అలాంటి మూఢనమ్మకం పెట్టుకునేవాడు కాదు.

రాష్ట్ర ఫలవృక్ష అభ్యున్నతి మండలివారికి కొత్తరాళ్ళపాలెంలో ఒక ఆఫీసుంది. ఆ ఆఫీసుకి ఒక తెల్ల కారుంది. ఆ కారుకి డ్రైవరు బుల్లెబ్బాయి. ఆఫీసుకి ఆఫీసరు మాత్రం లేడు. ఉన్నాయన రిటైరై రెండేళ్ళయింది, ఆయన కుర్చీ మీద తువ్వాలు ఇంకా అలాగే ఉంది. కాబట్టి ఆఫీసు నడిపేది పెద్దగుమాస్తా దండిభొట్ల చయనులుగారు, కారు నడిపేది బుల్లెబ్బాయి, మిగతా రాజ్యం నడిపేది దేవుడు.

బుల్లెబ్బాయిని ఊరంతా బాబాయ్ అనే పిలుస్తుంది. వేళాకోళంలో అతన్ని మించినవాడు ఆ మెట్టప్రాంతంలో లేడు. కొత్తగా చేరిన గుమాస్తాని పట్టుకుని, "స్టెప్నీ టైరుకి కూడా నెలకోసారి షికారు ఉండాలండి, లేకపోతే బెంగెట్టుకుంటాది" అని చెప్పి, బజారు చివరిదాకా దొర్లించుకు రమ్మన్న ఘనుడు. ఆ గుమాస్తా దొర్లించుకొచ్చాడు కూడా.

కారు జోలికొస్తే మాత్రం వేళాకోళం లేదు. పదహారేళ్ళ కింద ఆ కారు కొన్నప్పుడు, కంపెనీలోనే రంగు మీద ఒక రక్షణ పూత పూసి పంపారు. కంటికి కనిపించదు, చేతికి అందదు, కానీ ఉంటుంది. షోరూములో మెళ్ళో టై కట్టుకున్నాయన బుల్లెబ్బాయిని పక్కకి పిలిచి చెప్పాడు: "బట్టలసబ్బు తగలనీకు. ఎండలో కడక్కు. పొడిగుడ్డతో రుద్దకు. రాపిడి మందు పెట్టావో, పూత అరిగిపోతుంది. ఒకసారి పోతే మళ్ళీ రాదు." బుల్లెబ్బాయి జీవితంలో శ్రద్ధగా విన్న పాఠం అదొక్కటే. ఏడో తరగతి మాస్టారు కూడా టై కట్టుకునుంటే పాసయిపోయేవాడేమో.

రిజిస్టరులో కూడా అలాగే ఎక్కించారు. కారు, ఒకటి. రక్షణ పూత, ఒకటి.

అప్పుడొచ్చింది జీవో. పదిహేనేళ్ళు దాటిన బళ్ళన్నీ తుక్కుకి పంపాలి. తుక్కు కమిటీ వచ్చి చూస్తుంది. బండి కళగా ఉంటే మరో రెండేళ్ళు బతకనిస్తుంది, కళ తప్పి ఉంటే కొక్కెం వేసి ఎత్తుకుపోతుంది. బండి పోయిన డ్రైవర్లని అడ్డతీగల అవతలున్న శీతల గిడ్డంగికి కాపలా వేస్తారు. బుల్లెబ్బాయికి రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళుంది. ఆ మూడేళ్ళూ స్వెటరేసుకుని బంగాళాదుంపలకి కాపలా కాయడమా!

"కమిటీ వచ్చేలోగా బండికి పెద్దతానం చేయించాలండి," అన్నాడు చయనులుగారి బల్ల దగ్గర నిలబడి. "రెండేళ్ళుగా షెడ్డు లేక తోటలో పడుంది. బంక కారి మచ్చలడిపోయింది. పిట్టలు చేసిన పని సరేసరి. షాంపూ కావాలి, మట్టి తీసే ముద్ద కావాలి, మైనం కావాలి. రాపిడి మందు మాత్రం వద్దండి, పూత పోద్ది."

రోజూ చెంబుడు నీళ్ళు కొట్టడానికైతే అనుమతి అక్కర్లేదు. ఇది మందుల వ్యవహారం. పైగా పూత అనేది రిజిస్టరులో విడిగా ఉన్న మండలి ఆస్తి. పెద్దాఫీసు ఊ అనాలి.

చయనులుగారు కళ్ళజోడు సర్దుకున్నారు. సరిగ్గా ఆ నెలే కొత్త డైరెక్టరుగారికి భాషాభిమానం పొంగింది. పరభాషాపదం ఒక్కటి కనిపించినా ఫైలు వెనక్కి కొట్టాలని ఉత్తర్వు. ఆ ఉత్తర్వుతో రాష్ట్రంలో అందరూ గిలగిల్లాడితే, చయనులుగారొక్కరే ముప్పై ఏళ్ళుగా ఎదురుచూస్తున్న పెళ్ళి కబురు విన్నట్టు మురిసిపోయారు.

"కారు అని రాయకూడదోయ్. ఆంగ్లం. నంబరు రాయకూడదు, అందులోనూ ఆంగ్లాక్షరాలున్నాయి. షాంపూ అంటే అసలు నా కలం కదలదు. ఉండు, చూడు నా తడాఖా," అని కాగితం లాక్కుని రాశారు.

"కార్యాలయ ఆవరణమున పదహారేండ్ల వయసు గల సదరు ఆస్తికి ఆదినుండియు ఉన్న పూత ఎండకును, బంకకును, పక్షులకును గురియై క్షీణించుచున్నది. పూతను నిలుపుకొనుటకై నీటితో తడిపి, తగిన మందు పట్టించుటకు అనుమతి ప్రార్థితము."

"ఎలా ఉంది?"

"వినడానికి శుభలేఖలా ఉందండి. కానీ ఇందులో కారేదండి?"

"సదరు ఆస్తి అన్నాను కదటోయ్! అందులో నువ్వు కూడా పడతావు."

పెద్దాఫీసులో ఉత్తరాలు విప్పేవాళ్ళు పుట్టి బుద్ధెరిగినకాడినుంచీ మామిడి ఫైళ్ళు తప్ప మరోటి చూసినవాళ్ళు కాదు. పూత అనే మాట కనబడగానే వాళ్ళ చెయ్యి దానంతటదే మామిడి అరలోకి పోతుంది. పుష్యమాసం కూడా కలిసొచ్చింది. పది రోజుల్లో జవాబు వచ్చింది. అంత త్వరగా ఆ ఆఫీసు నుంచి చావు కబురు కూడా ఎప్పుడూ రాలేదు.

"సదరు ఆస్తి పదహారేండ్ల ప్రాయమున నిండు పూత మీదుండుట మండలికి గర్వకారణము. అయితే పూత దశలో నీరు పెట్టరాదు. పెట్టినచో పూత రాలును. సదరు దానిని కదపరాదు, కుదపరాదు. పక్షులను తోలుటకు డబ్బా వాయించవలెను. బంక కనబడినచో ఆకుల అడుగుభాగము పరిశీలించవలెను."

చయనులుగారు చదవడం పూర్తి చేసేసరికి బుల్లెబ్బాయి నవ్వు ఆపుకోలేక బల్ల కోడు పట్టుకున్నాడు.

"మామిడిసెట్టనుకున్నారండి బాబూ! ఆకుల అడుగు చూడాలంట! టైర్ల అడుగు చూసి చెప్పమంటారేటండి?"

నవ్వి నవ్వి ఆగాక, ఒక సంగతి బుర్రలో దిగింది. నీరు పెట్టరాదు. అంటే ఆ రోజూ కొట్టే చెంబుడు నీళ్ళు కూడా బందే. ఎదురుగా ఉత్తర్వుంది, దాని కింద సంతకముంది. నవ్వు మొహం మీదే ఎండిపోయింది.

"అయ్యగారండీ, చెట్టు కాదని ఓ ముక్క రాసి పారెయ్యండి."

"వాళ్ళెక్కడన్నారోయ్ చెట్టని? సదరు ఆస్తి అనే అన్నారు. అనని మాటని మనం కాదనకూడదు. పై అధికారుల మనసులో ఏముందో మనం కనిపెట్టినట్టవుతుంది. అది క్రమశిక్షణ కిందికొస్తుంది."

"పోనీ కారు అని రాయండి."

"ఆంగ్లం," అని చయనులుగారు తల అడ్డంగా తిప్పబోయి, మధ్యలో ఆపేశారు. లేచి వెళ్ళి బీరువాలోంచి తిరగలిరాయంత ఉన్న నిఘంటువు దించారు. ధూళి ఊది, వేలు తడుపుకుని తిరగేశారు. "ఆహా! కారు! అచ్చతెలుగు మాటేనోయ్, నిక్షేపంలా రాయొచ్చు!" అంటూ అక్కడికక్కడే రాసి పంపారు: "సదరు ఆస్తి కారు అని సవినయ మనవి."

వారంలో జవాబు.

"ఏ కారు? వానకారా, ఎండకారా? స్పష్టపరచవలెను. కారు కాని కారులో పూత వచ్చినచో ప్రత్యేక నివేదిక పంపవలెను."

అప్పుడు బుల్లెబ్బాయికి అర్థమైంది. నిఘంటువులో ఉన్న కారు అంటే రుతువుట! వానాకాలం కారు, ఎండాకాలం కారు.

"మనది అన్ని కార్లలోనూ తిరిగిన కారండి," అన్నాడు దిగులుగా.

చయనులుగారు దాన్ని కూడా గ్రాంథికంలోకి దించి పంపారు. అన్ని కార్లలోనూ పూసే అపురూప జాతి అని పెద్దాఫీసులో సంబరం మొదలైంది.

మాఘంలో పూత పరిశీలనాధికారిణి హైమావతిగారు దిగారు. నీరుకావి చీర, చేతిలో భూతద్దం, చంకలో ఫైలు. గేటు లోపలికొచ్చి, తెల్లగా ఉండాల్సి బూడిదరంగులో ఉన్న కారు ముందు నిలబడ్డారు.  కారు చూశారు, ఫైలు చూశారు, మళ్ళీ కారు చూశారు. ఆవిడ కళ్ళు బాగానే పనిచేస్తున్నాయని బుల్లెబ్బాయికి అర్థమైంది. హమ్మయ్య అనుకున్నాడు.

"పూత శాతం ఎంత?" అన్నారావిడ.

"అమ్మగారండీ, మీరు చూత్తానే ఉన్నారు కదా. ఇది..."

"నేను చూసినదానితో నీకు పనిలేదు. శాతం చెప్పు."

"అమ్మగారూ, ఇది నాలుగు చక్రాల..."

ఆవిడ గొంతు తగ్గించారు. "చూడు బాబూ. నేను రాకముందే, ఆఫీసులో కూర్చునే, ఇక్కడ అరవై శాతం పూత ఉందని నివేదిక ఇచ్చేశాను. అది డైరెక్టరుగారు సభలో చదివేశారు. చప్పట్లు కూడా అయిపోయాయి. ఇప్పుడు నాకేం కనిపించినా అది అరవై శాతమే. పిందె పడిందా?"

అలాంటి ప్రశ్న అడిగితే బుల్లెబ్బాయి నాలుక ఊరుకుంటుందా? ముందు మడ్డుగార్డు మీద రంగు కింద తుప్పు పొంగి, కందిగింజలంత బుడిపెలు లేచి ఉన్నాయి. వంగి చూపించాడు.

"ఇయ్యిగోనండి పిందెలు. ఇటేపు తక్కువ, డ్రైవరేపు జోరుగా పడ్డాయండి. గాలి వాటం."

హైమావతిగారు భూతద్దం పెట్టి చూసి, కళ్ళెత్తకుండా రాసుకున్నారు: "పిందె ఆరోగ్యముగా ఉన్నది. చోదకుని వైపు అధికము."

వెళ్తూ వెళ్తూ, ఒకే ఆస్తి రెండు రిజిస్టర్లలో ఉండటం నేరం గనక, వాహనాల రిజిస్టరులోంచి ఆ వరస కొట్టేయించి, వృక్షాల రిజిస్టరులో ఎక్కించి సంతకం చేసి మరీ వెళ్ళారు. ఆ రోజునుంచి బుల్లెబ్బాయి డ్రైవరు కాదు, వృక్షరక్షకుడు. ఖాకీ చొక్కా మాత్రం అదే.

పదిహేను రోజులకి తుక్కు కమిటీ వచ్చింది. ముగ్గురు మనుషులు, ఒక కొక్కెం లారీ. పెద్దాయన మెడ మీద కండువాతో మొహం తుడుచుకుని, కారు చుట్టూ ఒకసారి తిరిగి, "దీనికి కళా లేదు, కాకరకాయా లేదు. ఎత్తండి," అన్నాడు.

బుల్లెబ్బాయి కొక్కేనికీ కారుకీ మధ్యకొచ్చి నిలబడ్డాడు. అప్పుడు చయనులుగారు ఒక కాగితం గాల్లో ఊపుకుంటూ బయటికొచ్చారు. "ఆగండి! పూత మీదున్న దాన్ని తొలగించరాదు, మండలి నిబంధన. పూత ఉన్నదని పరిశీలనాధికారిణిగారి ధ్రువపత్రం ఇదిగో!"

పెద్దాయన కాగితం తిరగేసి మరగేసి చూశాడు. ముద్ర ఉంది. ముద్రకి దణ్ణం పెట్టినట్టు తలాడించాడు. "పూత ఉంటే మేం ముట్టుకోం. పూత అయిపోయాక వత్తాం. ఫైలు మాత్రం మూసేది లేదు," అని లారీ తిప్పుకుపోయాడు.

బుల్లెబ్బాయికి ఏడవాలో నవ్వాలో తెలీలేదు. చెట్టు అన్నంతకాలం కారు బతుకుతుంది. కడిగితే కారైపోతుంది, కారైతే తుక్కైపోతుంది. బతకాలంటే మురికిలో ఉండాలి. రోజూ పొద్దున్నే డబ్బా వాయించి పిట్టల్ని తోలుతున్నాడు గానీ, బానెట్టు మీద రెట్టలు ఎండి గట్టిపడుతుంటే అతని చేతులు దురద పెట్టేవి. రెట్ట తడిగుడ్డ వేసి నానబెట్టకపోతే పూతని తినేస్తుందని కూడా ఆ షోరూము టై ఆయన చెప్పాడు.

ఇంట్లో పెళ్ళాం సత్తెమ్మ ఇంకో రకం. "ఏవయ్యో, సెట్టుకి డ్రైవరూ! ఈరోజు ఎంతదూరం తోలేవేటి సెట్టుని? హారన్ కొడితే ఆకులు కదిలేయా?"

"నవ్వవే నవ్వు. ఊరందర్నీ ఆడించినోణ్ణి, ఆఖరికి నన్ను కాయితాలు ఆడిత్తన్నాయి."

"నువ్వాడించినోళ్ళ ఉసురు ఊరికే పోద్దేటి? ఆ టైరు దొర్లించిన గుమాస్తా ఉసురే ఇది."

వైశాఖంలో పెద్దాఫీసు నుంచి ఉత్తరం. "పూత అరవై శాతము, పిందె అధికము. కావున కాపు ఎంత? కాయలు ఎచట? మండలి సంచాలకులు స్వయముగా వచ్చి తొలికోత చూచెదరు. కాపు చూపనిచో రక్షకుడే తినెనని భావించి చర్య తీసుకొనబడును."

చయనులుగారు మొహం వేలాడేశారు. "ఏం చేద్దామోయ్?"

బుల్లెబ్బాయి మొహంలో మాత్రం నాలుగు నెలలుగా కనిపించని మెరుపు కనబడింది. "కాయలే కదండి కావాల? కాయించేద్దామండి."

ఆ సాయంత్రమే బావమరిది తోట నుంచి గంప నిండా చెరుకురసాలు తెచ్చాడు. డిక్కీలో వరిగడ్డి పరిచి, తొడిమలు పైకుండేలా కుదురుగా పేర్చాడు. పదహారేళ్ళ డిక్కీలో పెట్రోలు వాసనా, రసాల వాసనా కలిసి అదో రకం సుగంధం పుట్టింది.

డైరెక్టరుగారు భారీ మనిషి. మాట మరీ భారీ. వెనకాల హైమావతిగారు. "కాపు ఎచట?" అన్నారాయన, కవిసమ్మేళనంలో అధ్యక్షుడిలా.

"లోపల కాత్తాదండి. సిగ్గరి జాతి," అని బుల్లెబ్బాయి డిక్కీ పైకెత్తాడు.

డైరెక్టరుగారు ఒక కాయ తీసుకుని, నొక్కి, మూతి కొరికి జుర్రారు. రసం మోచేతిదాకా కారింది. కళ్ళు మూసుకున్నారు. "మహాద్భుతము! ఇనుప రుచి ఒకటి లీలగా తగులుచున్నది. బెరడు లోపలే పండు దాచుకొను జాతి! కోతుల బెడద లేదు, గాలివాన బెడద లేదు! హైమావతిగారూ, ఇట్టి తల్లిచెట్టు ఒక్క కొత్తరాళ్ళపాలెముననే ఉండుట రాష్ట్రమునకు అన్యాయము. వర్షాలు పడగానే అంట్లు కట్టించండి. నాలుగు కొమ్మలు నరికి నాలుగు జిల్లాలకు పంపండి."

"కొమ్మలా అండి?" అన్నాడు బుల్లెబ్బాయి. నవ్వు ఇంకా మొహం మీదే ఉంది, దిగడం మరిచిపోయింది.

హైమావతిగారు కారు వైపు చూశారు. అటు రెండు తలుపులు, ఇటు రెండు తలుపులు. "నాలుగే ఉన్నాయండి," అన్నారు నీరసంగా.

వాళ్ళు వెళ్ళిపోయాక బుల్లెబ్బాయి డిక్కీ అంచు మీద కూలబడ్డాడు. తుక్కువాడి చేతిలో పడితే ఒక్కసారిగా పోయేది. తన వేళాకోళం పుణ్యమా అని ఇప్పుడు ముక్కలు ముక్కలుగా పోతుంది. ఒక తలుపు అనంతపురానికి, ఒకటి విజయనగరానికి, మిగతా రెండూ మరో రెండు జిల్లాలకి. మిగిలిన మొండేనికి అతను డబ్బా వాయించుకుంటూ కూర్చోవాలి.

సత్తెమ్మ ఆ రాత్రి వేళాకోళం చెయ్యలేదు. మొగుడి కంచంలో ఇంకో ముద్ద కలిపి పెట్టి, "పోనీ, పోయేముందు ఓ పాలి తానమేనా చేయించవయ్యా. మడిసికైనా అంతే కదా," అంది.

పొద్దున్నే చయనులుగారి బల్ల దగ్గరున్నాడు బుల్లెబ్బాయి. "అయ్యగారండీ, అంటు కట్టేముందు కొమ్మ కడిగి తుడవద్దాండి? మట్టి కొమ్మకి అంటు అతుకుద్దేటండి?"

చయనులుగారు కళ్ళజోడు పైనుంచి చూశారు. ముప్పై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి ఆయన పెదాల చివర చిరునవ్వు లాంటిది మెదిలింది. రాశారు: "అంటు కొమ్మలను ప్రక్షాళన గావించి, మైనము పట్టించుటకు అనుమతి ప్రార్థితము." అంటుకి మైనం పుయ్యడం ఉన్న పద్ధతే గనక, పెద్దాఫీసు ఒక్క గీత కొట్టకుండా సరేనంది.

అంట్లవాళ్ళు వచ్చే ముందురోజు, ఆషాఢం మబ్బు చల్లగా పట్టింది. బుల్లెబ్బాయి లుంగీ ఎగ్గట్టాడు. రెండు బకెట్లు పెట్టుకున్నాడు, ఒకటి షాంపూ నురగ, ఒకటి మంచినీళ్ళు. గుడ్డ నురగలో ముంచి, కారు తుడిచి, మంచినీళ్ళలో జాడించి, అప్పుడు మళ్ళీ నురగలో ముంచాలి. లేకపోతే గుడ్డలో ఇసకే రంగుని గీస్తుంది. పైకప్పు నుంచి మొదలెట్టి కిందకి దిగాడు. బంక మచ్చల మీద సబ్బుగుడ్డ పరిచి, పాతనొప్పికి కాపడం పెట్టినట్టు పెట్టి, మెత్తబడ్డాకే తీశాడు. ఎక్కడా గోరు తగలనివ్వలేదు. ఆరాక, మట్టి తీసే మెత్తటి ముద్దని నీళ్ళతో జారుస్తూ రంగు మీద నడిపించాడు. ముద్ద నల్లగా మారింది, రంగు నున్నగా మారింది. పెచ్చు లేచిన తుప్పు పిందెల్ని మాత్రం మెల్లగా గీకి, వాటికి చాలినంత రంగు చుక్కలు పెట్టాడు. ఆఖరున మైనం, పల్చగా, చంటిపిల్లకి నలుగు రాసినట్టు.

తుడిచి, దూరంగా నిలబడి, చెంబుడు నీళ్ళు బానెట్టు మీద కొట్టాడు.

నీళ్ళు అంటుకోలేదు. చేమాకు మీద పడ్డట్టు గుండ్రంగా ముత్యాలైపోయి, ఒకదాన్నొకటి తరుముకుంటూ జారిపోయాయి. మైనం పని అనుకుని, మైనం రాయని చోట, తలుపు సందులో ఒక చుక్క వేశాడు. అదీ ముత్యమై దొర్లింది.

"ఉందే! పూత ఉందే!" అన్నాడు. పదహారేళ్ళ ఎండా, బంకా, పిట్టలూ, మండలివారి ఉత్తర్వులూ కలిసి కూడా దాన్ని ఊడబెరకలేకపోయాయి.

మర్నాడు డైరెక్టరుగారు రంపాలవాళ్ళతో దిగారు. గేటు దాటి నాలుగడుగులు వేసి ఆగిపోయారు. ఎదురుగా తెల్లగా, తళతళా, పెళ్ళిపందిట్లో దీపస్తంభంలా కారు. డైరెక్టరుగారు దగ్గరికెళ్ళి వెనక తలుపులోకి చూశారు. తలుపులోంచి ఇంకో డైరెక్టరుగారు ఆయనకేసి చూశారు.

"ఇందులో నేను కనిపిస్తున్నానేమిటి?"

"ఆయ్, కనపడతన్నారండి. నిండుగా కనపడతన్నారు."

"చెట్టులో మనిషి కనబడునా?"

"ఎక్కితే తప్ప కనపడడండి."

డైరెక్టరుగారు గడ్డం నిమురుకున్నారు. "అయినచో ఇది చెట్టు కాదు."

"ఎంత శాస్త్రీయంగా తేల్చారండీ!" అన్నారు చయనులుగారు చేతులు జోడించి.

"ఇది... ఇది కారు!"

తన నోటే పరభాషాపదం జారిందని ఆయన గమనించలేదు. హైమావతిగారు అయిదు నెలలుగా బిగపట్టిన ఊపిరి వదిలారు. తర్వాత వెంటనే మళ్ళీ బిగపట్టారు, ఎందుకంటే డైరెక్టరుగారు ఆవిడ వైపు తిరిగారు.

"మరి చెట్టేది? నేను స్వయముగా కాయ తిన్న చెట్టు! అరవై శాతము పూసిన చెట్టు!"

 మొదటినుంచీ ఇది కారేనంటే, అందరూ అయిదు నెలలు కారుకి పూత లెక్కపెట్టారని ఒప్పుకోవాలి. అంత సాహసి మండలిలో ఇంకా పుట్టలేదు. కాబట్టి అక్కడికక్కడే కుర్చీలు వేయించి విచారణ జరిపారు. రెండు సంగతులు తేలాయి. ఒకటి, పదహారేళ్ళ చెట్టు మాయమైంది. రెండు, అది ఉన్నచోట ఎవరిదో తెలియని కారొకటి దొరికింది.

"వాహనముల పుస్తకమున ఉన్నదేమో చూడుము," అన్నారు డైరెక్టరుగారు.

చయనులుగారు తెచ్చి చూపించారు. అందులో ఆ వరస కొట్టేసి ఉంది, హైమావతిగారి సంతకంతో. "ఏ పుస్తకంలోనూ లేదండి. కాబట్టి ఈ రోజే పుట్టినట్టు లెక్క. వయసు సున్నా."

"వయసు సున్నా! మెరుపు చూచిన అట్లే తోచుచున్నది," అని డైరెక్టరుగారు తలుపులో మరోసారి తన మొహం చూసుకుని మీసం సర్దుకున్నారు. "ఈ కార్యాలయమునకే కేటాయించండి. దీనిని నడుపగలవారెవరు?"

"నేర్చుకుంటానండి," అన్నాడు బుల్లెబ్బాయి, చేతులు కట్టుకుని.

చెట్టుని పోగొట్టిన నేరానికి వృక్షరక్షకుడికి శిక్ష కూడా పడింది. చెట్టు పోయినచోట ఒక మామిడిమొక్క నాటాలి. ఆ మొక్క చెట్టు వరస సంఖ్యలోనే, చెట్టు పేరుతోనే, చెట్టు వయసుతోనే రిజిస్టరులో కొనసాగుతుంది, మండలికి ఒక్క ఏడాది కూడా నష్టం రాకూడదు గనక. బుల్లెబ్బాయి ఆనందంగా శిక్ష అనుభవించాడు. జానెడు మొక్క తెచ్చి, గుంట తీసి నాటాడు. నాలుగాకులు, అందులో ఒకటి పురుగు కొట్టింది. పక్కన రేకు ముక్క మీద చయనులుగారు తన చేత్తో రాశారు: "సదరు ఆస్తి. వయసు పదహారేండ్లు."

శ్రావణంలో ఒకరోజు బుల్లెబ్బాయి కారు తుడుస్తుంటే గేటు దగ్గర కొక్కెం లారీ ఆగింది. తుక్కు కమిటీ. అదే పెద్దాయన, అదే కండువా. బుల్లెబ్బాయి చేతిలో గుడ్డ అలాగే ఆగిపోయింది.

పెద్దాయన కారు పక్కనుంచే నడిచి వెళ్ళాడు, దానికేసి చూడనైనా చూడకుండా. కొత్త బండితో అతనికేం పని? తిన్నగా వెళ్ళి మొక్క ముందు నిలబడి, రేకు ముక్క చదివి, తన ఫైలులో చూసుకున్నాడు.

"సదరు ఆస్తి, పదహారేళ్ళు. ఇదేనా?"

"అది మొక్కండి బాబూ!"

"నీ అభిప్రాయం ఎవరడిగేరు? సదరు ఆస్తి అవునా కాదా?"

"అంటే... రేకు మీద అలాగే ఉందండి."

"పోయినసారి పూత ఉందని ఆపేరు. ఇప్పుడు పూత ఉందా?"

బుల్లెబ్బాయి మొక్కకేసి చూశాడు. కారుకేసి చూశాడు. జీవితంలో మొదటిసారి వేళాకోళం లేకుండా, ఉన్నదున్నట్టు చెప్పాడు.

"లేదండి. దీనికి పూత రావాలంటే ఇంకో అయిదేళ్ళు పట్టుద్ది."

పెద్దాయన కండువాతో మొహం తుడుచుకుని, లారీ వైపు చెయ్యి ఊపాడు.

"పూత లేదని రాసుకోండి. కొక్కెం దించండి."